లైసెన్సు మార్చమని ఎవరిని అడగాలి?

ఓపెన్ సోర్స్ గురించి, అంటే రాసినవాళ్ళు అందరికీ తెరిచిపెట్టిన కోడ్ గురించి, మా ఆఫీసులో రెండు రకాల మాటలు వింటుంటాను. "గిట్‌హబ్‌లో ఉందిగా, ఓపెన్ సోర్సే, లాగేయండి" అనేది ఒకటి. "జీపీఎల్ అట, దాని జోలికి పోవద్దు" అనేది ఇంకోటి. గిట్‌హబ్ అంటే జనం తమ కోడ్ పెట్టుకునే సైటు. జీపీఎల్ అంటే, ఈ కోడ్‌ని కలుపుకున్న ప్రోగ్రాముని పంచితే దాని కోడ్‌ని కూడా ఇవే షరతుల మీద తెరిచివ్వాలనే లైసెన్సు. మొదటిది డెడ్‌లైన్ ముంచుకొచ్చినప్పుడు వినబడుతుంది, రెండోది లీగల్ వాళ్ళ ఆడిట్ ముంచుకొచ్చినప్పుడు. చాలాసార్లు రెండూ అనేది ఒకే మనిషి. ఈ దొంగతనానికీ ఆ భయానికీ మధ్య మూడో దారి ఒకటుంది: రాసినవాళ్ళని అడగటం. "మీ కోడ్ ఈ లైసెన్సుతో మాకు కుదరటం లేదు, ఇంకో లైసెన్సు కింద ఇస్తారా?" అని ఒక మెయిల్ రాయటం. అడగందే అమ్మైనా పెట్టదని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగినవాళ్ళమే గానీ, కోడ్ దగ్గరికొచ్చేసరికి ఆ ఆలోచనే రాదు.

లైసెన్సు అనేది కోడ్‌కి పుట్టుకతో వచ్చిన గుణం అనుకోవటం వల్ల వచ్చిన చిక్కిది. కోడ్ మీద కాపీరైట్ ఉన్న మనిషి లోకానికి ఇచ్చిన అనుమతే లైసెన్సు. ఆ మనిషి తలుచుకుంటే అదే కోడ్‌ని వేరే షరతుల మీద మీ ఒక్కరికే ఇవ్వొచ్చు, అందరికీ ఇవ్వొచ్చు, డబ్బులు పుచ్చుకునీ ఇవ్వొచ్చు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్, యాప్‌లు కట్టుకునే క్యూటీ లాంటివి ఏళ్ళ తరబడి బతికింది అలాగే. జీపీఎల్ షరతులకి ఒప్పుకుంటే ఉచితం, లేదంటే కొనుక్కో. ఓపెన్ సోర్స్‌కి డబ్బులేంటి అని మా మేనేజర్లు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. తాము అమ్మేది మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్ అయినప్పుడు, అందులో వాడుకునేదానికి ఎదుటివాడు ధర అడిగితే తప్పేముందో నాకు అర్థం కాదు.

అన్నిటికీ అడగక్కర్లేదు కూడా. పెద్దగా షరతులు లేని ఎంఐటీ, ఇప్పటి బీఎస్‌డీ లైసెన్సులున్న కోడ్‌ని జీపీఎల్ ప్రాజెక్టులో కలుపుకోవాలంటే అసలు నోటీసుని ఉన్నదున్నట్టు ఉంచితే చాలు. అపాచీ 2.0 అనే ఇంకో వదులు లైసెన్సున్న కోడ్ జీపీఎల్ మూడో వెర్షన్‌లో కలుస్తుంది, రెండో వెర్షన్‌తో కుదరదని జీపీఎల్ రాసినవాళ్ళే చెప్పారు. తిప్పలంతా అటునుంచి ఇటు రావాల్సినప్పుడు, అంటే జీపీఎల్ కోడ్‌ని అంతకంటే వదులైన లైసెన్సు కిందికి తేవాల్సినప్పుడు. అప్పుడు అడగాలి. ఎవరిని అనేదే అసలు ప్రశ్న.

మాకు ఒకసారి తెలుగు మాటల్ని అక్షరాలుగా విడగొట్టే లైబ్రరీ కావాల్సొచ్చింది. వినటానికి చిన్న పనే. "స్త్రీ" ఒక్క అక్షరమని మనకి తెలుసు, కంప్యూటర్లలో అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్‌లో అది ఆరు కోడ్‌పాయింట్లు, అంటే ఆరు నంబర్లు. "సాఫ్ట్‌వేర్"లో ట్ తర్వాత అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటుంటుంది. మా కోడ్ దాన్ని చెత్త అనుకుని తీసేసేది, ఆ వ కాస్తా ముందున్న అక్షరానికి ఒత్తుగా వెళ్ళి అతుక్కునేది. ఇలాంటివన్నీ పద్ధతిగా చూసుకున్న లైబ్రరీ ఒకటి దొరికింది, జీపీఎల్ మూడో వెర్షన్ కింద. రాసినాయన రిటైరైన లెక్చరర్, అమెరికాలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఫోన్ చేశాను.

"వాడుకోండి బాబూ, దానికి నన్ను అడగటమెందుకు?"

"అడగాలి సర్, మీరు జీపీఎల్ పెట్టారు కదా."

"అదా! ప్రాజెక్టు మొదలెట్టేటప్పుడు లైసెన్సు ఏదని లిస్టు చూపించింది. పైన ఉన్నవాటిలో ఒకటి నొక్కాను."

నవ్వొచ్చింది గానీ, ఇది అరుదేం కాదు. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ మీద పట్టుదలతో జీపీఎల్ పెట్టేవాళ్ళుంటారు, లిస్టులో చూసి నొక్కినవాళ్ళూ ఉంటారు. ఎవరు ఏ బాపతో ఫైలు చూసి కనుక్కోలేం, అడిగితేనే తెలుస్తుంది. మొదటి బాపతువాళ్ళు కాదంటే మాత్రం ఇంక బతిమాలటం, వాదించటం చెయ్యకూడదనేది నా పద్ధతి. మనలాంటి కంపెనీలు మూసిపెట్టుకోకూడదనే వాళ్ళు ఆ షరతు పెట్టారు. అది పనిచేస్తోందన్నమాట.

ఆయన నోటిమాటతో కథ అయిపోలేదు. కోడ్‌లో ఎవరెవరు మార్పులు చేశారో చూపించే గిట్ షార్ట్‌లాగ్ కొట్టి చూస్తే ఆయన పేరు కింద ఇంకో ముగ్గురున్నారు. ఒకరు ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో అచ్చుతప్పు దిద్దారు. ఇంకొకరు అంకెల సంగతి చూశారు. మూడో అబ్బాయి మాత్రం పాత ఫాంట్లలో ఉన్న టెక్స్ట్‌ని యూనికోడ్‌లోకి మార్చే ఫైలు మొత్తం రాశాడు. అతని కమిట్ల, అంటే అతను చేర్చిన మార్పుల, పక్కనున్న మెయిల్ ఐడీ జీమెయిల్‌ది కాదు, తను పనిచేసే కంపెనీది. కనుక్కుంటే, "నాకైతే అభ్యంతరం లేదన్నా, కానీ అది ఆఫీసు పనిలో భాగంగా రాసింది" అన్నాడు.

అతను ఆ ఒక్క ముక్క నిజాయితీగా చెప్పటం మా అదృష్టం. మన 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాము కూడా సాహిత్య రచన కిందికే వస్తుంది. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి యజమాని ఉద్యోగం ఇచ్చిన సంస్థేనని 17వ సెక్షన్ చెబుతుంది. అంటే ఆ అబ్బాయి "సరే" అన్నా అది అతనివ్వగలిగిన "సరే" కాదు. వాళ్ళ లీగల్ డిపార్ట్‌మెంట్‌కి రాశాం. జవాబు రాలేదు. మళ్ళీ రాసినా రాలేదు. ఆ ఫైలుని పూర్తిగా పక్కన పెట్టి, దాని మొహం కూడా చూడని ఇంకో కుర్రాడిని కూర్చోబెట్టి, యూనికోడ్ చార్టులు ముందేసుకుని మొదట్నుంచీ రాయించాం. అచ్చుతప్పు దిద్దినాయన్ని కూడా అడిగాం గానీ నిజానికి అవసరం లేదు. 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో మన సుప్రీంకోర్టు, కాపీరైట్ రావాలంటే ఎంతో కొంత సృజన ఉండాలి, ఉత్త శ్రమ చాలదు అంది. ఒక దీర్ఘం సరిచేస్తే హక్కు పుట్టదు. కానీ ఆ గీత ఎక్కడుందో తేల్చుకోవటం కంటే మెయిల్ రాయటం చవక.

మన ఊళ్ళలో ఉమ్మడి పొలం అమ్మకం తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. పొలం చూసుకునేది పెద్దన్నే అయినా, ఊరంతా దాన్ని పెద్దన్న పొలమనే అన్నా, రిజిస్ట్రేషన్ రోజున దుబాయ్‌లో ఉన్న చిన్న తమ్ముడి సంతకం లేకపోతే పని జరగదు. కాపీరైట్‌ని ఎవరికీ రాసివ్వకుండా పదిమంది కలిసి రాసుకున్న కోడ్ కూడా అంతే. కోడ్ దాచే రిపాజిటరీ మీద ఎవరి పేరుందన్నది ప్రశ్నే కాదు.

ఇది పెద్ద ప్రాజెక్టుల్లో ఎలా జరుగుతుందో చూడాలంటే వీడియోలు చూసుకునే వీఎల్‌సీ చరిత్ర చదవాలి. ఆ నారింజ రంగు ట్రాఫిక్ కోన్ బొమ్మ లేని కంప్యూటర్ మన దగ్గర తక్కువ. 1996లో ఎకోల్ సెంట్రాల్ పారిస్ అనే కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, 2001 ఫిబ్రవరిలో జీపీఎల్ కింద బయటికొచ్చింది. అప్పుడు కూడా కాలేజీ పెద్దల అనుమతి తీసుకునే బయటపెట్టారు. 2010లో అప్లిడియమ్ అనే ఫ్రెంచి కంపెనీ దాన్ని ఐప్యాడ్‌కి తయారుచేసి యాపిల్ యాప్ స్టోర్‌లో పెట్టింది. జీపీఎల్ ఇచ్చే హక్కుల్ని యాప్ స్టోర్ షరతులు కత్తిరిస్తున్నాయని వీఎల్‌సీ డెవలపర్లలో ఒకరైన రెమీ డెనీ-కూర్మోన్ యాపిల్‌కి ఫిర్యాదు చేశాడు. 2011 జనవరిలో యాపిల్ దాన్ని తీసేసింది. వందల మంది చేతులు పడ్డ ప్రోగ్రాము, ఒక్క మనిషి అభ్యంతరంతో ఆగిపోయింది.

అతన్ని విలన్ని చేసినవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. అతను రాసిన కోడ్‌కి అతనో షరతు పెట్టాడు, దాన్ని పట్టించుకోకుండా వాడుకున్నారు, అభ్యంతరం చెప్పాడు. ఇలాంటి మనిషి ఒకడు ఉండొచ్చన్న ఎరుక ఉన్నప్పుడే అడిగేవాళ్ళు సరిగ్గా అడుగుతారు.

తర్వాత జరిగింది చూడండి. వీఎల్‌సీ డెవలపర్ జాన్-బాప్తీస్త్ కెంఫ్ ముందుపడి, దాని ఇంజిను కోడ్‌ని జీపీఎల్ నుంచి అంతకంటే వదులైన ఎల్‌జీపీఎల్‌కి మార్చే పని ఎత్తుకున్నాడు. చరిత్రంతా తవ్వి ఏ వరస ఎవరిదో తేల్చాలి. మార్పుల చరిత్ర దాచే గిట్ రాకముందు, పాత సీవీఎస్ రోజుల్లో రికార్డయ్యేది కమిట్ కొట్టినవాడి పేరు, ప్యాచ్ (అంటే మార్పు రాసి) పంపినవాడి పేరు కామెంట్లో రాసి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. కాలేజీ మెయిల్ ఐడీతో కోడ్ పంపిన కుర్రాడు పదేళ్ళ తర్వాత ఎక్కడుంటాడో, ఆ ఐడీ ఏమైపోయిందో ఎవరికి తెలుసు? అయినా వందల మందిని వెతికి పట్టుకుని అడిగారు. 2011 డిసెంబరులో ఇంజిను, 2012 నవంబరులో చాలావరకు మాడ్యూళ్ళు (విడిభాగాలు) కొత్త లైసెన్సుకి మారాయి. అన్నీ మారలేదు, కొన్ని మాడ్యూళ్ళు ఇప్పటికీ జీపీఎల్‌లోనే ఉన్నాయి. 2013 జులైలో వీఎల్‌సీ ఐఫోన్‌కి తిరిగొచ్చింది, ఈసారి ఎవరూ కాదనలేని లైసెన్సుతో.

ఫైర్‌ఫాక్స్ తెచ్చిన మొజిల్లాకి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. 1998 మార్చిలో నెట్‌స్కేప్ తన బ్రౌజర్ కోడ్‌ని బయటపెట్టినప్పటి లైసెన్సు జీపీఎల్‌తో కలిసేది కాదు. దాన్ని మొజిల్లా సొంత లైసెన్సు ఎంపీఎల్, జీపీఎల్, ఎల్‌జీపీఎల్ మూడింటిలో ఏది కావాలంటే అది ఎంచుకునేలా మార్చే పని 2006కి గానీ పూర్తి కాలేదు. నాలుగు వందల మందికి పైగా ఒప్పుకోవాల్సొచ్చింది. అన్నేళ్ళు ఆ జాబితా పట్టుకుని వెంటపడిన గెర్వేస్ మార్కమ్‌ది కోడ్ రాయటం కంటే కష్టమైన పనని నా లెక్క.

ఇక ఇంటర్నెట్‌లో వెళ్ళే సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. బ్యాంకు సైటు పక్కన తాళం గుర్తు వెనక చాలా చోట్ల ఉండేది ఇదే. దాని పాత లైసెన్సులో ప్రకటనల షరతు ఒకటుండేది: ఈ సాఫ్ట్‌వేర్ ప్రస్తావన ఉన్న ప్రతి ప్రకటనలోనూ మా పేరు వేయాలి అని. అలాంటి అదనపు షరతు జీపీఎల్‌కి పడదు. దాంతో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని వాడుకునే జీపీఎల్ ప్రోగ్రాములు, "ఈ ఒక్కదానితో కలపటానికి ప్రత్యేకంగా ఒప్పుకుంటున్నాం" అని తమ లైసెన్సులో ఒక మినహాయింపు రాసుకోవాల్సొచ్చేది. ఫైళ్ళు దించుకునే డబ్ల్యూగెట్‌లో అలాంటిది ఉంది. ఇలాంటి మినహాయింపు ఇవ్వాలంటే మళ్ళీ ఆయా ప్రోగ్రాముల మీద హక్కున్నవాళ్ళందరూ ఒప్పుకోవాలి! ఒక లైసెన్సులో రెండు మూడు వాక్యాలు ఎన్ని ప్రాజెక్టుల చేత ఎన్ని మెయిళ్ళు రాయించాయో.

కాబట్టి దాన్ని అపాచీ 2.0కి మార్చాలనుకోవటం మంచి ఆలోచనే. 2017 మార్చిలో దాదాపు 400 మందికి మెయిళ్ళు పంపారు. అందులో ఒక వాక్యం దగ్గర గొడవ మొదలైంది. మీ దగ్గర్నుంచి జవాబు రాకపోతే మీకు అభ్యంతరం లేదని అనుకుంటాం, అన్నారు. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు నాయకుడు థియో డి రాట్ దీని మీద విరుచుకుపడ్డాడు. హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద భద్రతా లోపం బయటపడ్డాక 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ నుంచి విడిపోయి లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ మొదలెట్టింది అతని బృందమే కాబట్టి పాత కక్ష అనుకోవచ్చు. కానీ అతని వెక్కిరింపులో వాదన బలంగానే ఉంది: జీసీసీ కంపైలర్ లైసెన్సు మార్చేస్తున్నాం, ఎవరూ వద్దనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే, అని అదే బాణీలో ఒక ప్రకటన వదిలాడు. జీపీఎల్‌ని ప్రాణంగా చూసుకునేవాళ్ళ ప్రాజెక్టుకి అదే తర్కం పెట్టి చూస్తే ఎంత అన్యాయంగా ఉంటుందో అందరికీ తెలిసొచ్చింది.

మౌనం అర్ధాంగీకారం అనేది సామెతగా బాగుంటుంది, కాపీరైట్‌కి పనికిరాదు. మన చట్టం 30వ సెక్షన్ ప్రకారం లైసెన్సు రాతలో ఉండాలి. జవాబు రాకపోవటానికి కారణాలు ఎన్నైనా ఉండొచ్చు. మెయిల్ స్పామ్‌లో పడొచ్చు, మనిషి ఆసుపత్రిలో ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. పోయినా హక్కు పోదు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళు, అమెరికాలో, యూరప్‌లో 70 ఏళ్ళు వారసులకి ఉంటుంది. భర్త ఇరవై ఏళ్ళ కిందట ఏదో ఫ్రెంచి ప్రాజెక్టుకి పంపిన ప్యాచ్ మీద తనకి హక్కుందని ఆ ఇల్లాలికి ఎవరు చెప్పారు గనక, అభ్యంతరం ఉందో లేదో చెప్పటానికి?

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్ళ పక్షాన ఒకటి చెప్పాలి. ఆ వాక్యం రాసి చేతులు దులుపుకోలేదు. తర్వాతి ఏడాది, ఇంకా దొరకనివాళ్ళ పేర్లు బయటపెట్టి, వీళ్ళెవరైనా మీకు తెలుసా అని జనాన్ని అడిగారు. 2021 సెప్టెంబరులో 3.0 వెర్షన్ కొత్త లైసెన్సుతో వచ్చింది. పని మంచిది, పడ్డ శ్రమ మంచిది, ఆ ఒక్క వాక్యం తప్పు.

అందరూ అలా చేయాల్సిన అవసరం లేదనటానికి రుజువు, జనం కలిసి గీసుకునే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. అది కోడ్ కాదు, పటాల సమాచారం, కానీ చిక్కు ఇదే. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు నుంచి, డేటాబేస్‌ల కోసం రాసిన ఓడీబీఎల్‌కి మారేటప్పుడు ప్రతి ఒక్కరినీ ఒప్పుకుంటారా అని అడిగారు. కాదన్నవాళ్ళవీ, జవాబివ్వనివాళ్ళవీ 2012 వేసవిలో ప్రోగ్రాము పెట్టి పటం నుంచి తీసేశారు. కొన్నిచోట్ల రోడ్లు మాయమయ్యాయి, మళ్ళీ వెళ్ళి గీసుకున్నారు. సెప్టెంబరులో కొత్త లైసెన్సు వచ్చింది. రాత్రింబవళ్ళు గీసిన పటానికి తామే చిల్లులు పెట్టుకోవటానికి గుండె ధైర్యం కావాలి. నేను మౌనాన్ని "కాదు" కింద లెక్కేయాలనేది దీన్ని చూసే.

"అంత శ్రమ లేకుండా వికీపీడియా మార్చలేదా?" అని ఎవరైనా అడగొచ్చు. 2009లో తెలుగు వికీపీడియాతో సహా అన్ని వికీపీడియాలూ జీఎఫ్‌డీఎల్ అనే లైసెన్సు నుంచి క్రియేటివ్ కామన్స్‌కి మారాయి. మన వాళ్ళు ఊళ్ళ వ్యాసాల్లో రాసిన ప్రతి వాక్యానికీ అది వర్తించింది, ఎవరికీ విడిగా ఉత్తరం రాలేదు. ఓటింగ్ అయితే పెట్టారు. కానీ తలుపు తెరిచింది ఓటింగ్ కాదు, లైసెన్సులో మొదట్నుంచీ ఉన్న "లేదా దీని తర్వాతి ఏ వెర్షన్ అయినా" అన్న మాట. ఆ లైసెన్సు రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008 నవంబరులో దాని 1.3 వెర్షన్ తెచ్చి, వికీలు 2009 ఆగస్టు 1 లోపు మారొచ్చని అందులో వెసులుబాటు పెట్టింది. వికీపీడియన్లు ఆ మాటకి ముందే ఒప్పుకుని ఉన్నారు కాబట్టి సరిపోయింది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్ మొత్తానికి ఆ మాట వర్తించదు, జీపీఎల్ రెండో వెర్షన్ మాత్రమే. వేలమంది రాసిన ఆ కోడ్‌ని ఇప్పుడు దాన్ని మొదలెట్టిన లినస్ టోర్వాల్డ్స్ అనుకున్నా మార్చలేడు.

ఈమధ్య కొత్తగా వినబడుతున్న దారి ఇంకోటుంది. "ఏఐకి ఇచ్చి తిరగరాయించేస్తే పోలా?" అని. ఒకరి కోడ్‌ని ముందుపెట్టి ఇంకో భాషలోకో ఇంకో తీరులోకో మార్పిస్తే అది కొత్త రచన అయిపోతుందని నేను నమ్మను. అనువాదం మీద హక్కు కూడా మూలరచయితదే. మేం కుర్రాడి చేత రాయించినప్పుడు అతను పాత ఫైలు చూడలేదు. తేడా అక్కడుంది.

సరే, మెయిల్‌లో ఏం రాయాలి? ముందు ఏ కోడ్ గురించి అడుగుతున్నామో తేలాలి: రిపాజిటరీ, ఫైళ్ళు, ఏ కమిట్ దాకా. తర్వాత ఏ లైసెన్సు కావాలో పేరు, వెర్షన్‌తో సహా. "ఫ్రీగా వాడుకోనివ్వండి" అంటే అర్థం లేదు. మాకొక్కరికే ఇస్తారా, ప్రాజెక్టునే అందరికీ మారుస్తారా అనేది కచ్చితంగా అడగాలి. నేనైతే అందరికీ మార్చమనే అడుగుతాను, మనకొక్కరికే తీసుకుంటే రేపు ఇంకొకరు మళ్ళీ ఆయన్నే విసిగిస్తారు. ఇది ఉద్యోగంలో భాగంగా రాశారా, ఇంకెక్కడి నుంచైనా తెచ్చిన ముక్కలున్నాయా అని కూడా అడగాలి. మా వాళ్ళెవరికీ తెలియని సంగతి ఒకటుంది: మన చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్ళే అనుకుంటారు, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. 30ఏ సెక్షన్ ఈ నియమాల్ని లైసెన్సులకీ వర్తింపజేస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన "ఓకే బాబూ" మీద ప్రోడక్టు కట్టుకుంటే ఏమవుతుందో ఆలోచించుకోండి. లెక్చరర్ గారి దగ్గర మేం తీసుకున్న ఉత్తరంలో కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా అని రాయించాం. ఆయన దాన్ని రిపాజిటరీలోనే ఒక ఫైలుగా పెట్టారు, అంకెలు చూసినాయన ఒప్పుకోలుతో పాటు.

ఇన్ని తిప్పలు పడటమెందుకు, ప్యాచ్ తీసుకునే ముందే కంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటే సరి అంటారు కంపెనీల లాయర్లు. ఆ ఒప్పందాలు చాలావాటిలో, మీ కోడ్‌ని మాకిష్టమైన లైసెన్సు కింద ఇచ్చుకునే హక్కు మాకుంటుంది అని ఉంటుంది. అడగాల్సిన అవసరమే ఉండదు. హాషీకార్ప్ అనే కంపెనీ 2023 ఆగస్టులో, సర్వర్లని ఏర్పాటుచేసే తన టెర్రాఫామ్‌ని ఎంపీఎల్ నుంచి, పోటీ కంపెనీల వాడకాన్ని అడ్డుకునే బిజినెస్ సోర్స్ లైసెన్సుకి మార్చినప్పుడు బయటి డెవలపర్ల దగ్గరికి వెళ్ళి ఏం అడిగింది? ఏమీ లేదు, ముందే సంతకాలున్నాయి. దాని మీద ఆధారపడ్డవాళ్ళు కొందరు పాత కోడ్ తీసుకుని ఓపెన్‌టోఫు పేరుతో విడిపోయారు. రెడిస్ అనే డేటాబేస్ 2024 మార్చిలో లైసెన్సు మార్చినప్పుడు అలాగే విడిపోయి వాల్కీ పుట్టింది. అక్కడ పాతది బీఎస్‌డీ లైసెన్సు కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు కూడా. చట్టప్రకారం రెండూ సక్రమమే. అయినా అన్నేళ్ళు రాత్రుళ్ళు కూర్చుని ప్యాచులు పంపినవాళ్ళకి కడుపు మండిందంటే నేను వాళ్ళవైపే.

రెండొందల మందిని వెతుక్కుంటూ పోవాల్సి రావటాన్ని లాయర్లు లోపం అంటారు. ఆ రెండొందల మందిలో ఎవరైనా ఒకరు "వద్దు" అనగలిగితేనే ప్రాజెక్టు నిజంగా అందరిదీ అవుతుందని నాకనిపిస్తుంది. మేం కొత్తగా రాయించిన ఆ ఫాంట్ మార్పిడి ఫైలుని ఎంఐటీ లైసెన్సు కింద లెక్చరర్ గారి ప్రాజెక్టుకే తిరిగిచ్చేశాం. దాన్ని చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలు ప్యాచులు పంపటం మొదలెట్టారు. ఒప్పందం పత్రం ఒకటి పెట్టించమని మా లీగల్ టీమ్ అడిగింది. ఆయన్ని అడిగితే, "నా ప్రాజెక్టుకి ప్యాచ్ పంపటానికి పిల్లల చేత సంతకాలెందుకు బాబూ" అన్నారు. నేనూ వద్దనే చెప్పాను. రేపెప్పుడైనా మళ్ళీ మార్చాల్సొస్తే షార్ట్‌లాగ్ తీసి మళ్ళీ అందరికీ మెయిళ్ళు రాసుకుంటాం.